నీడ వైపు కుర్చీ

మా ఆఫీసులో ఆమెను అందరూ ప్రశ్నలక్క అనేవాళ్లు. నన్ను, నా వెనక, తిరుగుటపా అనేవాళ్లు. రెండు పేర్లలో దేనికీ వంక పెట్టడానికి లేదు. ఇంటింటికీ తిరిగి జనాన్ని ప్రశ్నలు అడిగి జవాబులు నింపుకు రావడం ఆమె పని. ఆమెలాంటి పాతికమంది నింపిన సర్వే ఫారాల్లో తప్పులు వెతికి తిప్పి పంపడం నా పని. తప్పు దొరకని రోజు నాకు భోజనం సయించదని మావాళ్లు చెప్పుకునేవాళ్లు. అందులో కొంత నిజం ఉంది.

ప్రశ్నలక్క ఇప్పుడు ప్రశ్నలు అడగడం లేదు. ఒక పిల్లల బట్టల కొట్టులో, జనం విప్పి చూసి వదిలేసిన చొక్కాలను రోజంతా మళ్లీ మడతపెడుతూ ఉంటుంది. ఇరవై రెండేళ్లు చేసిన పనిని ఒక్క ఆదివారంతో ఎందుకు వదిలేసిందో తెలిసినవాళ్లం ముగ్గురమే. ఆ ముగ్గురిలో ఒకామెకు కథ సగమే తెలుసు. మిగతా సగం చెప్పాల్సినవాణ్ని నేను. ఆ రోజు చెప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

అక్క ఈ పనిలోకి వచ్చిన తీరే తమాషా. పెళ్లయిన కొత్తలో వాళ్లింటికి సబ్బుల గురించి అడగడానికి ఎవరో అమ్మాయి వచ్చిందట. “రోజుకు ఎన్నిసార్లు స్నానం చేస్తారు?” అని అడిగి, ఈమె నోరు తెరిచేలోపే “రెండు” అని రాసేసుకుందట. “నేను చెప్పకుండా నా స్నానం నువ్వెలా రాస్తావు?” అని ఈమె దెబ్బలాటకు దిగి, ఆ పిల్ల వెంటపడి ఆఫీసు దాకా వచ్చి, ఫిర్యాదు చెయ్యబోయి ఉద్యోగంతో ఇంటికి వెళ్లింది. ఇది ఆమె చెప్పగా విన్నదే, కొంచెం ఉప్పూకారం కలిసి ఉండొచ్చు. మనిషి మాత్రం అచ్చం అలాంటిదే.

ఆమె ఎప్పుడూ ఇంటి బెల్లు కొట్టేది కాదు. బెల్లు కొడితే మనుషులు విసుక్కుంటూ వస్తారనేది. వేలి కణుపులతో తలుపు మీద రెండుసార్లు తట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడేది. తలుపు తీసినవాళ్ల మొహం మీదికి ట్యాబ్ ఎత్తి పట్టుకునేది కాదు. “కొంచెం మీ మాట కావాలి” అనేది. సర్వే అనే మాట తరువాత ఎప్పుడో మెల్లగా వచ్చేది. ఈ చిన్న చిన్న సంగతులు మా శిక్షణ పుస్తకంలో లేవు. ఉంటే బాగుండేది, కానీ ఆ పుస్తకం రాసినవాళ్లెవరూ తలుపు తట్టినవాళ్లు కాదు.

ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైన జవాబు “తెలియదు”. మిగతా కుర్రకారు ఆ గడి ఉందని కూడా చదవరు. అక్క మాత్రం దాన్ని మంచి మాట చెప్పినట్టు నిదానంగా చదివేది. “తెలియదని ఒప్పుకోవడానికి మనిషికి గుండె కావాలి తమ్ముడూ. ఆ గుండె మనమే ఇవ్వాలి” అనేది నాతో. ఆమె ఫారాల్లో తెలియదులు ఎక్కువగా ఉంటున్నాయని నేను మొదట్లో తిప్పి పంపేవాణ్ని. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం నేను. రెండేళ్లకు గానీ ఆమె తెచ్చిందే నిజమని, మిగతావాళ్లది అల్లికని అర్థం కాలేదు.

ఇంట్లో ఆమె భర్త, బస్సు డిపోలో మెకానిక్, ఒక్కటే ఫిర్యాదు చేసేవాడు. “ఊళ్లో అందరినీ ఇన్ని అడుగుతావు. నన్ను మాత్రం ఎలా ఉన్నావని కూడా అడగవేం?” అనేవాడట. “జవాబు తెలిసిన ప్రశ్న అడగకూడదని మా రూలు” అని ఈమె సమాధానం. డిపో నుంచి మసి చేతులతో వచ్చి ఆ మాట మాకు చెప్పి నవ్వింది అతనే.

ఆ ఏడాది ఎండాకాలం మాకు వాతావరణం మీద పని వచ్చింది. ఎండలు పెరుగుతున్నాయని మీరు నమ్ముతున్నారా, ఎందుకు పెరుగుతున్నాయి, బాధ్యత ఎవరిది, మీ వంతుగా ఏం మానుకోగలరు. ఇలాంటివి మొత్తం అరవై నాలుగు ప్రశ్నలు. ఎండ గురించి ఎండలోనే తిరిగి అడగాలని ఏ మహానుభావుడు నిర్ణయించాడో గానీ, ఏసీ గదిలో దుప్పటి కప్పుకుని నిర్ణయించి ఉంటాడు.

అందులో నలభై ఒకటో ప్రశ్న అసలైనది. “వాతావరణం ఇలా మారడానికి అందరికన్నా ముందు బాధ్యత ఎవరిది?” ప్రభుత్వం, పెద్ద కంపెనీలు, ధనిక దేశాలు, నేను, ఎవరిదీ కాదు, తెలియదు. ఇవీ గడులు. అక్క సాయంత్రం ఆఫీసుకు వచ్చి, పేర్లూ ఇళ్లూ చెప్పకుండా, ఆ ప్రశ్నకు ఆ రోజు వచ్చిన జవాబుల వింతలు చెప్పేది. గదికో ఏసీ బిగించుకున్న ఒక పెద్దమనిషి అరగంట సేపు ఫ్యాక్టరీల మీద విరుచుకుపడ్డాడు. ఆయన పక్కింటావిడ, ఆ ఏసీల వేడిగాలి మొత్తం మా వంటింట్లోకే కొడుతోంది, గడి లేకపోతే గీసుకుని అయినా ఆయన్నే రాసుకోండి అంది. ఒక లెక్చరర్ కారు ఇంజన్ ఆపకుండా, అద్దం దించుకుని, “మనమందరం మారాలండీ” అన్నాడు. “మనమందరం అంటే ‘నేను’ గడిలో పెట్టుకోనా సార్?” అని అక్క అడిగితే, అబ్బే, ప్రభుత్వంలో పెట్టమన్నాడు.

నేను పడీ పడీ నవ్వాను. అక్క నవ్వలేదు. “వాళ్లు చెప్పేదాంట్లో అబద్ధం లేదు తమ్ముడూ. కంపెనీలు చేసిందీ నిజమే, సర్కారు నిద్రపోయిందీ నిజమే. కానీ నూరుమందిని అడిగితే, కొంచెం నా చేయి కూడా ఉందేమో అన్నవాడు ఒక్కడు లేడేం?” అంది.

“అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం” అన్నాను.

“నువ్వూ ఆ బుట్ట పక్కనే కూర్చున్నావు, మర్చిపోకు” అని లేచి వెళ్లింది.

ఇక రూలు సంగతి చెప్పాలి. కొంతమంది కుర్రాళ్లు ఇంట్లో కూర్చుని పది నిమిషాల్లో ఫారం నింపేస్తున్నారని పైనుంచి ఒక నిబంధన వచ్చింది. అరవై నాలుగు ప్రశ్నలకు నలభై నిమిషాలకన్నా తక్కువ పడితే ఆ ఫారం నా కంప్యూటరులో ఎర్రగా కనిపిస్తుంది. ఎర్రనివి నేను తిప్పి పంపాలి. వారంలో మూడు ఎర్రనివి వస్తే ఆ మనిషిని ఆ పని నుంచి తప్పించాలి. అక్క పాత చెయ్యి. ఎదుటి మనిషి మాట తడబడినా ఇట్టే అర్థం చేసుకునేది. ఆమె ఫారం ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది నిమిషాల్లో అయిపోయేది. నేను తిప్పి పంపాను. ఒకే వారంలో రెండు.

ఆమె ట్యాబ్ పట్టుకుని నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. మొహమంతా ఎండకు కమిలిపోయి ఉంది. “ఇందులో తప్పెక్కడుందో చూపించు” అంది.

“తప్పు లేదక్కా. టైము తక్కువైంది.”

“మనిషి జవాబు చెప్పేశాక కూడా కూర్చోబెట్టాలా? బయట ఎండ ఎలా ఉందో నీకు తెలుసా? నీళ్లు మోసుకుంటూ ఒకామె తలుపు తీస్తుంది, ఆమెను నలభై నిమిషాలు నిలబెట్టమంటావా?”

“మెల్లగా చదువక్కా. మధ్యమధ్య ఆగు. నువ్వు ఆగితే నిమిషాలు వాటంతటవే నడుస్తాయి.”

“ఇది పద్ధతేనా?”

“రూలు నాది కాదక్కా” అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నాకేమీ అనిపించలేదు. బల్ల మీద ఫ్యాను తిరుగుతోంది, పక్కన చల్లటి నీళ్ల సీసా ఉంది. ఆమె ట్యాబ్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. పై వారం నుంచి ఆమె ఫారాలు నలభై రెండు, నలభై ఒకటి, నలభై నాలుగు నిమిషాలతో రాసాగాయి. ఒక గురువారం వచ్చిన దాని మీద నలభై మూడు అని ఉంది. నేను దానికి ఆమోదం పెట్టి, “ఇలా ఉండాలక్కా ఫారం అంటే” అని మెసేజ్ కూడా పంపాను.

పంపిన ఫారాల్లో పదింట ఒకదానికి మేమే ఫోన్ చేసి, మా మనిషి నిజంగా వచ్చిందా లేదా అని అడుగుతాం. సోమవారం నా వంతుకు వచ్చిన నంబర్లలో ఆ నలభై మూడు నిమిషాల ఫారం ఉంది. మేడ మీద రేకుల గదిలో ఉండే డెబ్బై ఒక్కేళ్ల ముసలాయన, పూర్వం వడ్రంగి. కూతురితో ఉంటాడు. ఫోన్ ఎత్తింది కూతురు.

“నాన్న లేరండి. పోయారు.”

నేను ఆఫీసు గొంతు మార్చుకోలేకపోయాను. “ఎప్పుడండి?” అన్నాను.

“గురువారం. సంచులు కుట్టే షెడ్డులో నా పని. సాయంత్రం వచ్చేసరికి మంచం పక్కన కింద పడి ఉన్నారు. వడదెబ్బ అన్నారు డాక్టరు.” అప్పుడడిగింది. “మీరెవరు? నాన్నతో ఏం పని?”

సర్వే అని చెప్పాను.

“అయితే ఆ రోజు వచ్చింది మీవాళ్లా? నేను వచ్చేసరికి బయట రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. మా నాన్న కోసం ఎవరూ రారు. ఎవరొచ్చారా అని కింది వాటాలవాళ్లందరినీ అడిగాను. ఎవరికీ తెలియదన్నారు. వచ్చినవాళ్లెవరో కొంచెం చెప్తారా? చివరిగా మాట్లాడింది వాళ్లతోనే కదా.”

కనుక్కుని చెప్తానని ఫోన్ పెట్టేశాను. నా తెర మీద మూడు గడులు ఉన్నాయి: నిర్ధారణ అయింది, నిర్ధారణ కాలేదు, మనిషి అందుబాటులో లేరు. మూడోది నొక్కాను. చనిపోయిన మనిషిని అందుబాటులో లేరని రాసినవాణ్ని నేనొక్కణ్నే కాదేమో, ఆ గడి ఉన్నదే అందుకేమో. కానీ నొక్కిన తరువాత చాలాసేపు వేలు అక్కడే ఉండిపోయింది.

అనుమతి తీసుకుని మేం మాటలు రికార్డు చేస్తాం. ఎర్ర ఫారాలకు తప్ప ఆ రికార్డులు ఎవరూ వినరు. ఆ మధ్యాహ్నం నేను ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని ఆ నలభై మూడు నిమిషాలూ మొదటినుంచీ విన్నాను.

ముందు మెట్లెక్కిన అక్క ఆయాసం. తలుపు మీద రెండు తట్లు. తరువాత ఆయన గొంతు. “లోపల కూర్చోలేం తల్లీ, కొలిమిలా ఉంటుంది. ఇక్కడే బయట కూర్చుందాం.” కుర్చీలు ఈడ్చిన చప్పుడు. “నువ్వు ఇటు రా, ఇక్కడ ట్యాంకు నీడ ఉంది.”

“మరి మీరు బాబాయ్?”

“నాకు ఎండ కొత్తా? ముప్ఫై ఏళ్లు ఎండలో రంపం లాగినవాణ్ని. కూర్చో, కూర్చో. ముందు నీళ్లు తాగు.”

తరువాత ప్రశ్నలు. ఆయన చకచకా చెప్పేవాడు. ఇంట్లో వాహనం ఉందా అంటే, “ఉన్నాయి, మోకాళ్లు రెండు. ఒకటి రిపేరులో ఉంది” అన్నాడు. అక్క నవ్వింది. నవ్వి ఆగింది. మళ్లీ మెల్లగా తరువాతి ప్రశ్న. ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య ఖాళీలు. ఆ ఖాళీలు ఆమెవి కావు. ఆగమని చెప్పిన నా గొంతే ప్రతి ఖాళీలో వినిపించింది. ఒకచోట ఆయనే అడిగాడు. “ఇది ఇందాక అడిగావుగా తల్లీ?” “కొంచెం మార్చి అడుగుతారు బాబాయ్” అంది అక్క సిగ్గుపడుతూ. పంతొమ్మిదో నిమిషంలో ఏదో ఈడ్చిన చప్పుడు, ముప్ఫై మూడో నిమిషంలో ఇంకోసారి. అవేమిటో నాకు అప్పుడు తెలియలేదు.

నలభై ఒకటో ప్రశ్న దగ్గర మాత్రం ఆయన వెంటనే మాట్లాడలేదు. “ముందు ఎవరిదంటే, నాదే రాసుకో” అన్నాడు.

“గడులు ఇంకోసారి చదువుతాను బాబాయ్.”

“చదివావుగా. ఎన్ని మంచాలు చేశాను, ఎన్ని తలుపులు చేశాను. అవన్నీ చెట్లేగా తల్లీ. కొట్టించడమే గానీ ఒక్కటైనా నాటించానా? తీరా ఇప్పుడు ఎండగా ఉందని ఇంకొకళ్లను అంటే ఏం బాగుంటుంది?”

ఏసీ లేదు, బండి లేదు, రేకుల కింద బతుకుతున్న మనిషి. ఆ పని మొత్తంలో ‘నేను’ అన్న గడి నింపించినవాడు ఆయనొక్కడే.

మీ వంతుగా ఏం మానుకోగలరన్న ప్రశ్నకు, “మధ్యాహ్నం ఫ్యాను కట్టేస్తున్నాను. ఎలాగూ అది తిప్పేది వేడిగాలే” అన్నాడు. జవాబు చెప్పేవాళ్లకు సలహా ఇవ్వకూడదన్నది ఇంకో రూలు. ఆమె తరువాతి ప్రశ్నకు వెళ్లింది.

చివరికొచ్చేసరికి ఆయన మాట నెమ్మదించింది. “ఇంకా ఎన్ని ఉన్నాయి తల్లీ?” అన్నాడు. “పదకొండు బాబాయ్.” “అడుగు, అడుగు. పాపం, నీ ఉద్యోగం.” ఆఖరి మాట కూడా ఆయనదే. “ఎండగా ఉంది, జాగ్రత్తగా వెళ్లు.”

సాయంత్రం అక్క వచ్చినప్పుడు ఆఫీసు మెట్ల మీదే ఆపి చెప్పాను. ఆమె గోడ పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. “ఆయన నీళ్లు తాగాడా?” అని నన్ను అడిగింది. నాకెలా తెలుస్తుంది? “నాకు గ్లాసుతో ఇచ్చాడు. తనకూ తెచ్చుకున్నాడేమో. తాగాడో లేదో గుర్తు రావడం లేదు తమ్ముడూ. ఎదురుగానే ఉన్నాను” అంది.

నేను ఏదో ఒకటి అనాలని, “మధ్యలో రెండుసార్లు ఏదో చప్పుడుందక్కా” అన్నాను.

“కుర్చీ” అంది. “నీడ తగ్గేకొద్దీ నేను ట్యాంకు వైపు జరుపుకున్నాను. నా ఒళ్లోని ట్యాబ్ మీద ఎండ పడితే అక్షరాలు కనపడవు కదా, అందుకని. ఆయన కుర్చీ ఎక్కడిదక్కడే ఉంది. నేను రెండుసార్లు జరిగాను, ఒక్కసారైనా ఆయన్ని జరగమనలేదు.”

మా పెద్దసారుకు చెప్పక తప్పలేదు. ఆయన చెడ్డవాడేమీ కాదు. అక్కను కూర్చోబెట్టి, నీళ్లు ఇప్పించి, నచ్చజెప్పాడు. “మనం చంపామా అమ్మా? ఆ ఎండ మనం తెచ్చిందా? వాతావరణం అలా తగలడింది. పైగా పెద్దవయసు. నువ్వు వెళ్లకపోయినా అదే జరిగేదేమో. వాళ్లింటికి మాత్రం వెళ్లొద్దు. జవాబులు బయటపెట్టకూడదు, నీకు తెలుసు. లేనిపోని తలనొప్పి.” నావైపు తిరిగి, “నిర్ధారణ కాని ఫారం ఉంచకూడదు, తీసెయ్” అన్నాడు. తీసేశాను. తరువాత అచ్చయిన నివేదికలో బాధ్యత తమదే అన్నవాళ్లు ఎవరూ లేరని ఉంది.

బయటికి వచ్చాక అక్క అంది. “విన్నావా? ఇన్నాళ్లూ వాతావరణం ఎవరి తప్పంటే ఎవరూ పలకలేదు. ఇప్పుడు ఆయన పోవడం ఎవరి తప్పంటే వాతావరణానిదట.”

“తిలా పాపం తలా పిడికెడు అక్కా. నువ్వొక్కదానివే మోస్తే ఎలా?”

“నా పిడికెడు నేను చెప్పుకుంటాను. ఆ అమ్మాయి రెండో కుర్చీ ఎవరిదా అని వెతుక్కుంటోంది. ఆదివారం వెళ్తున్నాను. నువ్వూ రా.”

“నేనెందుకక్కా?”

ఆమె నన్ను చూసింది. అంతే. వస్తానన్నాను.

ఆదివారం పదకొండు గంటలకు మూడంతస్తులు ఎక్కాం. రేకుల గది, నల్లటి నీళ్ల ట్యాంకు, ఆరేసిన రెండు దుప్పట్లు. కూతురికి ముప్ఫై అయిదేళ్లు ఉంటాయి. కుట్టుమిషను సూది గుచ్చుకున్న మచ్చలు చూపుడువేలి నిండా ఉన్నాయి. అక్క తాను ఎవరో చెప్పగానే ఆ అమ్మాయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. నన్ను ఆఫీసు మనిషి అని పరిచయం చేసింది అక్క. అంతకుమించి చెప్పలేదు.

“లోపల కూర్చోలేమక్కా, రేకులు” అంటూ ఆ అమ్మాయి కుర్చీలు బయటికి తెచ్చింది. ఒకటి ట్యాంకు నీడలోకి లాగి, “మీరు ఇటు కూర్చోండి” అంది. అచ్చం తండ్రి మాటే. అక్క ఆ కుర్చీ ముట్టుకోలేదు. ఎండలో ఉన్నదాంట్లో కూర్చుంది. ఆ అమ్మాయి వింతగా చూసి, తాను గడప మీద కూర్చుంది. అక్కడా ఎండే. నేను ఒక పక్కగా నిలబడ్డాను.

“నాన్న ఏం మాట్లాడాడక్కా?”

ఇరవై రెండేళ్లలో పేరు పెట్టి ఒకరి జవాబు ఇంకొకరికి చెప్పి ఎరగని మనిషి, మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టింది. కాగితం లేదు, ట్యాబ్ లేదు. ప్రశ్న చదివినట్టు చెప్పడం, తరువాత ఆయన మాట ఆయన అన్నట్టే చెప్పడం. మోకాళ్ల మాట దగ్గర ఆ అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మొహం చేతుల్లో దాచుకుంది. చెట్ల మాట దగ్గర, “పిచ్చి నాన్న. ఈ కిటికీ కూడా ఎవరో పారేసిన తలుపు కోసి చేశాడు. ఈ కుర్చీలూ అంతే. కొత్త కర్ర ముట్టడం మానేసి ఎన్నేళ్లయిందో” అంది.

“ఫ్యాను కట్టేస్తున్నానన్నారు. వద్దు బాబాయ్ అనాల్సింది. నేను అనలేదు” అంది అక్క.

“నేను వచ్చేసరికి ఫ్యాను ఆగే ఉంది” అంది ఆ అమ్మాయి మెల్లగా.

అరవై నాలుగూ అయ్యాయి. జాగ్రత్తగా వెళ్లమన్న మాట కూడా చెప్పింది అక్క. తరువాత ఎవరూ అడగకుండానే చేయి చాపి చూపించింది. “నేను అక్కడ కూర్చున్నానమ్మా, నీడలో. ఆయన ఇక్కడ, ఇప్పుడు నేను కూర్చున్న చోట. నీడ తగ్గితే నా కుర్చీ జరుపుకున్నాను. ఆయన్ని జరగమనలేదు. నలభై మూడు నిమిషాలు.”

ఆ అమ్మాయి రెండు కుర్చీలనూ మార్చి మార్చి చూసింది. ఆమె మొహంలో మొదట కోపం రాలేదు. లెక్క కుదరని మనిషిలా కనుబొమలు ముడిచింది.

“నలభై మూడు నిమిషాలెందుకు పట్టింది? మీరిప్పుడు మొత్తం చెప్పింది ఇరవై నిమిషాలు కూడా లేదు. నాన్న నాన్చి మాట్లాడే మనిషి కాదు. అంతసేపు ఎందుకు కూర్చోబెట్టారు మా నాన్నని?”

దానికి జవాబు నా దగ్గర ఉంది. నలభై నిమిషాల గీత, ఎర్ర ఫారాలు, మెల్లగా చదువక్కా, మధ్యమధ్య ఆగు. అక్క నావైపు తిరుగుతుందని ఎదురుచూశాను. తిరిగి ఉంటే చెప్పేవాణ్నేమో. ఆమె తిరగలేదు.

“నేను మెల్లగా చదివానమ్మా” అంది. “తప్పు నాదే.”

ఆ అమ్మాయి లేచి, నీడలో ఖాళీగా ఉన్న కుర్చీని ఎత్తి లోపల పెట్టి వచ్చింది. “మీరు ఇక వెళ్లండక్కా” అంది. గొంతులో కోపం వచ్చింది, వచ్చి నిలవలేదు. వెళ్లేముందు నన్ను కూడా అడిగింది, మర్యాదకు. “మీరేమైనా చెప్పాలా అన్నా?”

“ఏం లేదమ్మా” అన్నాను.

అక్క లేచింది. ఆమె నుదుటి నుంచి చెమట ధారగా కారుతోంది, జాకెట్టు వీపంతా తడిసిపోయింది. ఆ అమ్మాయి కళ్ల మీద చేయి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నా చొక్కా పొడిగా ఉంది. ఎందుకా అని చుట్టూ చూసుకున్నాను. మేడ మీదికి వచ్చినప్పుడు పిట్టగోడ దగ్గర నిలబడ్డవాణ్ని. ఇప్పుడు ట్యాంకుకు వీపు ఆనించి ఉన్నాను. నీడ తగ్గేకొద్దీ, ఎవరూ చెప్పకుండానే, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ, దాంతోపాటే అక్కడిదాకా జరిగాను.